ఎవరి కంచం వారికి మూగ

చిమ్‌వెమ్‌వెలో గనుల పక్కనున్న మా వీధివాళ్ళకి మధ్యాహ్నం ఎన్నయిందో తెలియడానికి గడియారం అక్కర్లేదు. బనా కసోందె ఇంటి వెనక గచ్చు మీద అంట్ల చప్పుడు మొదలైందంటే రెండయినట్టు. నడుముకి చుట్టుకున్న చితెంగె గుడ్డని మోకాళ్ళ మధ్యకి దోపుకుని, పీట మీద కూర్చుని, ముందర రెండు బేసిన్లు పెట్టుకునేది. ఒకదాన్లో సబ్బునీళ్ళు, ఒకదాన్లో మంచినీళ్ళు. ముందు గ్లాసులు, తర్వాత కంచాలు, ఆఖర్న ఉబ్వాలి గిన్నె. మొక్కజొన్న సంకటి వండిన గిన్నె ఉంది చూశారూ, దాని అడుగు మాడు వదిలించేసరికి దేవుడు గుర్తొస్తాడు.

బనా కసోందె అంటే కసోందె వాళ్ళమ్మ. ఆమెకి సొంత పేరొకటి ఉందని వీధిలో సగం మందికి తెలీదు. తెలిసిన సగం మందికి గుర్తులేదు.

కోడలొచ్చాక కూడా కూర వండేదీ, అంట్లు తోమేదీ ఆవిడే. పక్కింటి బనా ముతాలె గోడ మీంచి ఊరుకునేది కాదు.

"కోడల్ని తెచ్చుకుంది కూర్చోబెట్టి మేపడానికా?"

"నా అంట్లు, నా చెవులు. నీకెందుకు?" అనేది ఈవిడ.

చెవుల సంగతి మా అందరికీ తెలిసిందే. తింటూ తింటూ మనిషి మింగేసిన మాట కంచానికి అంటుకుపోతుంది. కడిగేవాళ్ళ చేతికి అది వదులుతుంది, తిన్నవాళ్ళ గొంతుతోనే. కానీ ఎవరి కంచం వారికి మూగ. మన కంచం మనమే కడుక్కుంటే జిడ్డు పోతుంది గానీ మాట పోదు. పొర మీద పొర పేరుకుంటుంది, ఇంకొకళ్ళ చెయ్యి పడేదాకా. అందుకే ఒక్కో ఇంటిది ఒక్కో పద్ధతి. బనా ముతాలె ఇంట్లో చెవిటి చెల్లెలు కడుగుతుంది, ఆ ఇల్లు ఎప్పుడూ ప్రశాంతం. పాస్టరు గారింట్లో కాగితం ప్లేట్లే వాడతారు. ఎందుకని మేమెవరమూ అడగలేదు.

బనా కసోందె మాత్రం ముప్పై ఏళ్ళు ఇంటిల్లిపాదివీ తనే కడిగింది, తనే విన్నది. మొగుడు బతికుండగా గనిలోకి దిగేవాడు. ఇరవై ఏళ్ళపాటు రోజూ ఆయన కంచం "భయంగా ఉంది" అనేది. ఆవిడ విన్నానని ఒక్కనాడూ ఆయనతో అనలేదు. మర్నాడు ముద్ద ఇంకొంచెం పెద్దది పెట్టేది, అంతే. కూతురు ముసోండ కంచంలో ఒకరోజు మినీబస్సు డ్రైవరొకడి పేరు వినబడింది. మూడు వారాల్లో ఆ పిల్లని సోల్వెజిలో ఒక మాస్టారికి కట్టబెట్టేశారు. ముసోండ ఇప్పుడు పుట్టింటికి వస్తే తన కంచం సంచీలో తెచ్చుకుంటుంది. తిన్నాక కడక్కుండానే గుడ్డలో చుట్టి పట్టుకుపోతుంది.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆవిడ నాచింబుసా. పెళ్ళికూతుళ్ళకి కాపురం సంగతులన్నీ నేర్పే పెద్దమ్మ. ఏ పెళ్ళికూతురికైనా ఆవిడ చెప్పే మొదటి పాఠం ఒకటే. "నోట్లోకి మాటొచ్చిందా, ముద్దతో కలిపి మింగెయ్ తల్లీ. సంసారం నిలబడుతుంది." మింగిన మాట ఎక్కడికి పోతుందో ఆవిడకి తెలిసినంత ఎవరికీ తెలీదు. అయినా అదే నేర్పేది.

కోడలు ఇనోంగెది పడమటి వైపు మోంగు, వరద మైదానాల మనిషి. వాళ్ళింట్లో ఎవరి కంచం వాళ్ళే కడుక్కుంటారు. ఎదుటివాళ్ళ కంచం ముట్టుకోవడమంటే తలుపు సందున చెవి పెట్టినట్టే లెక్క. వచ్చిన మొదటిరోజే తిన్నదీ, లేచిందీ, నీలం చేప బొమ్మ ఉన్న తన రేకు కంచం తనే కడుక్కుని ఎండలో బోర్లించింది. అత్తగారికి ఒళ్ళు మండింది. ఏం దాస్తోంది ఈ పిల్ల? ఇంకెవడైనా ఉన్నాడా? నా చావు కోరుతోందా? నాలుగేళ్ళు ఆ నీలం చేప వంక దొంగచూపులు చూస్తూనే ఉంది పాపం.

ఈ ఏడాది జనవరి వానల్లో, ఒకరోజు స్నానం చేస్తుంటే ఆవిడ చేతికి ఎడమ రొమ్ములో గడ్డ తగిలింది. వేరుశెనగ గింజంత. వాళ్ళమ్మ కసామా దగ్గర పల్లెలో అదే గడ్డతో పోయింది, అదీ ఎడమవైపే. బనా కసోందె బట్ట కట్టుకుని బయటికొచ్చి ఉబ్వాలి కలిపింది. ఎవరితోనూ అనలేదు. ఎలా అంటుంది? ఆ నోరు వినేవాళ్ళ నోరు, చెప్పేవాళ్ళది కాదు. పైగా కొడుకుతో అనే మాటా అది? నోటితో అంటే నిజమైపోతుందని కూడా భయం.

కానీ వినేవాళ్ళు ఒకరుంటే బావుండునని మాత్రం కొట్టుకులాడింది. మాట అనక్కర్లేకుండా బయటపడే దారి ఒకటే ఉంది.

ఏప్రిల్ నుంచి ఆవిడ తన కంచం కడక్కుండా గచ్చు మీద వదిలెయ్యడం మొదలుపెట్టింది. మిగతావన్నీ కడిగేది, ఎర్రంచు ఉన్న ఆ ఒక్క కంచం తప్ప. ఇనోంగె దాని పక్కనుంచి నడిచి వెళ్ళి తన నీలం చేప కడుక్కుని పోయేది. ఒకరోజు బనా ముతాలె కోడి వచ్చి కంచంలో మెతుకులు పొడిచింది. కోడికి ఏం వినబడిందో గానీ రెండు రోజులు గుడ్డు పెట్టలేదు.

చివరికి ఆవిడే నోరు విప్పింది.

"ఆ కంచం కనబట్టంలేదా నీకు?"

"కనబడుతోంది అత్తయ్యా. మీదే కదా."

"నాదైతే? కడిగితే చేతులు అరిగిపోతాయా?"

ఇనోంగె చీపురు కింద పెట్టింది. "ఈరోజు మీది నేను కడుగుతాను. రేపు నాది మీరు కడుగుతానంటారు. నాకీ బేరం వద్దు అత్తయ్యా. ముసోండ వదిన సంచీ నేను చూడలేదనుకున్నారా?"

ఆవిడ బేసిన్ ముందుకి లాక్కుంది. ఎర్రంచు కంచం తనే కడుక్కుంది. గడ్డ అప్పటికి పావురం గుడ్డంత అయింది.

ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. ఇల్లు ఇల్లులా లేదు. కసోందె గనుల వర్క్‌షాపులో లారీ ఇంజన్లు విప్పి బిగించేవాడు గానీ ఈ ఇద్దరాడవాళ్ళ మధ్య ఏ మర వదులైందో వాడికి అంతుపట్టలేదు. జూన్‌లో ఒక పెద్దాఫీసరు ఊరొదిలి వెళ్తూ సామాను అమ్ముకుంటుంటే, అంట్లు తోమే మిషన్ ఒకటి కొని నలుగురు మనుషుల చేత మోయించుకొచ్చాడు.

"ఇంక ఎవరూ ఎవరివీ కడగక్కర్లేదు" అన్నాడు చేతులు దులుపుకుంటూ. "ఎవరూ ఎవరివీ వినక్కర్లేదు."

పాత రేకు కంచాలు దాని అరల్లో పట్టలేదు. అందుకని అన్నీ ఒక్కలాంటివే తెల్ల ప్లేట్లు అరడజను కొన్నాడు. మూడు చుట్టాలకి, మూడు ఇంట్లోకి, మిషన్‌లో ఎవరి అర వాళ్ళకి. మిషన్ గుడగుడమంటూ తిరిగి, వేడి ఆవిరి వదిలి, మిలమిలలాడే ప్లేట్లు బయటికిచ్చింది. వాటిని సర్దుతుంటే ఒక్క మాట వినబడలేదు. మాటలు నురగతో పాటు కాలవలోకి పోయాయని అందరం అనుకున్నాం. ఇనోంగె మొదటిసారి తన ప్లేటు అందరి వాటితో కలిపింది. ఇల్లు చల్లబడింది. వీధి కూడా "పోన్లే" అనుకుంది.

బనా కసోందె ఒక్కతే వెనక గచ్చు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. ఒకటి రెండుసార్లు తన ప్లేటు తీసి కిటికీ మీద విడిగా పెట్టింది. "ఇలా ఇవ్వమ్మా, నీకెందుకు శ్రమ" అని కొడుకు లాక్కుని మిషన్‌లో తోసేశాడు. మంచివాడే. మంచివాళ్ళతోనే వస్తుంది చిక్కంతా.

అక్టోబరు వచ్చింది. ఎండలు పేలిపోతున్నాయి, ఆనకట్టల్లో నీళ్ళు అడుగంటాయి, కరెంటు కోతలు మొదలయ్యాయి. ముందు నాలుగు గంటలు, తర్వాత ఎనిమిది, తర్వాత ఉన్న గంటలు లెక్కపెట్టుకోవడం సులువైపోయింది. ఒక మంగళవారం మిషన్ సగం కడిగి ఆగిపోయింది. బుధవారం కూడా కరెంటు రాలేదు. గురువారం మధ్యాహ్నానికి వంటగదిలో నిలబడలేని కంపు. కసోందె డ్యూటీలో ఉన్నాడు. అత్తగారు ఇంటి ముందర మామిడి చెట్టు కింద చాప మీద పడుకుని ఉంది. ఈ మధ్య ఎక్కువగా పడుకునే ఉంటోంది.

ఇనోంగె ముక్కు మూసుకుని మిషన్ తలుపు తీసింది. మురికి నీళ్ళు కాళ్ళ మీద పడ్డాయి. కంపుకి అరల వరస కూడా చూసుకోకుండా ప్లేట్లు వెనక గచ్చు మీదికి మోసుకొచ్చి, రెండు బేసిన్లు పెట్టి, తన ప్లేటు కోసం చూసింది. మూడూ తెల్లవే. మూడింటి మీదా ఎండిపోయిన గుమ్మడాకు కూరే. ఏది ఎవరిదో దేవుడికి కూడా తెలిసేట్టు లేదు. తనది తను కడుక్కోవాలంటే అన్నీ కడగాల్సిందే. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఇంకొకళ్ళ ఎంగిలి కంచం చేత్తో పట్టుకుంది.

మొదటి ప్లేటు నీళ్ళలో ముంచగానే మొగుడి గొంతు వినబడింది. "ఈ దిక్కుమాలిన మిషన్ ఎందుకు కొన్నానురా దేవుడా." ఇనోంగెకి నవ్వొచ్చింది. రెండోది ఎంత తోమినా మాట్లాడలేదు. అది తనది.

మూడోదాని మీద పీచు పెట్టింది.

"ఎడమవైపు గడ్డ ఉంది" అంది అత్తగారి గొంతు. మెల్లగా, పక్కన కూర్చుని చెబుతున్నట్టు. "మా అమ్మకి వచ్చిందే."

ఇనోంగె చెయ్యి ఆగిపోయింది. మళ్ళీ కదిపింది. "గడ్డ పెద్దదైంది." ఇంకొంచెం. "ఇవాళ చెయ్యెత్తితే నొప్పి పుట్టింది." జూన్ నుంచి తిన్న ముద్ద ముద్దకీ మింగినదంతా అక్కడే ఉంది. మిషన్ జిడ్డు కడిగింది గానీ మాట కడగలేదు. దానికి చెవులు ఎక్కడివి? ప్లేటు అడుగుకి వచ్చేసరికి ఒక్కటే మాట మిగిలింది. "ఎవరైనా వినండర్రా."

గచ్చు మీద వదిలేసిన ఎర్రంచు కంచం గుర్తొచ్చింది ఇనోంగెకి. ఏప్రిల్ నుంచి రోజూ పక్కనుంచి నడిచి వెళ్ళిపోయింది తను. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత మొహం భుజానికి తుడుచుకుని, నురగ చేతులతోనే మామిడి చెట్టు దగ్గరికి వెళ్ళింది.

"అత్తయ్యా, చెప్పులు వేసుకోండి."

"ఎక్కడికి?"

"పెద్దాసుపత్రికి. మినీబస్సు వచ్చే టైమైంది."

"ఎవరికి బాలేదు?"

ఇనోంగె చెప్పులు తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టింది. బనా కసోందె కోడలి చేతుల వంక చూసింది. మోచేతుల దాకా సబ్బు నురగ.

"సబ్బు అంత పొయ్యకూడదే" అంది చివరికి. "ఎప్పటికీ వదలదు."

"నేర్పుదురుగాని. లేవండి."

ఆసుపత్రి కిటికీ దగ్గర గుమాస్తా పేరడిగితే ఆవిడ ముందు "బనా కసోందె" అంది. "చిలుఫ్య" అంది తర్వాత. ఇనోంగెకి అత్తగారి పేరు తెలిసింది ఆ రోజే.

డాక్టరమ్మ చేత్తో నొక్కి చూసి మొహం ముడుచుకుంది. "రాబోయే వానలు వెలిసేదాకా ఆగి ఉంటే నా దగ్గరికి రావలసిన పనే ఉండేది కాదు" అంది. మూడు వారాల్లో ఆపరేషన్ అయింది.

అత్తగారు ఆసుపత్రిలో ఉండగా ఇనోంగె ఇంట్లో ఎర్రంచు రేకు కంచం ముందు పెట్టుకుని కూర్చుంది. ముప్పై ఏళ్ళ కంచం. కడగడానికి మూడు రోజులు పట్టింది. ఏం విన్నదో మాకెవరికీ చెప్పలేదు. మూడోరోజు మాత్రం సోల్వెజికి ఫోన్ చేసింది. ఆ శనివారం ముసోండ వచ్చింది, సంచీలో కంచం లేకుండా.

వానలు పడ్డాక చిలుఫ్య ఇంటికొచ్చింది. ఆపరేషన్ చేసిన వైపు చెయ్యి పైకెత్తకూడదన్నారు. ఇంకో రిపోర్టు రావలసి ఉంది. అది జనవరిలో గానీ రాదు, ఏం చెబుతుందో ఎవరికీ తెలీదు. కరెంటు రోజుకి రెండు గంటలు వస్తోంది గానీ మిషన్‌ని ఎవరూ తిప్పలేదు. దాన్లో ఇప్పుడు మొక్కజొన్న పిండి పోసి పెట్టుకుంటున్నారు, ఎలకలు దూరవని. రేకు కంచాలు మళ్ళీ బయటికొచ్చాయి.

మొదటిరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇనోంగె పీట తెచ్చి గచ్చు మీద వేసింది. అత్తగారిని కూర్చోబెట్టి, నీలం చేప కంచం తెచ్చి బేసిన్‌లో పెట్టింది.

"కుడిచెయ్యి బానే ఉంది కదా అత్తయ్యా. నేను పట్టుకుంటాను, మీరు తోమండి."

చిలుఫ్య కోడలి మొహంలోకి చూసింది. నాలుగేళ్ళు ఆ కంచం కోసం కాచుకుంది. ఇప్పుడు ముట్టుకోవడానికి భయమేసింది. పీచు మెల్లగా ఆనించింది.

"మీరు పోతే నేనెవరితో పోట్లాడేది" అంది కంచం.

ఆవిడ కళ్ళు తుడుచుకుని ఇంకో పొర తోమింది. "కూరలో ఉప్పెక్కువైంది." దాని కింద పొర కూడా, "ఉప్పెక్కువైంది." ఆ కిందదీ అంతే. కిందటేడూ, అంతకు ముందేడూ, పెళ్ళయి వచ్చిన మొదటి మధ్యాహ్నం దాకా, నాలుగేళ్ళ ఉప్పు. చిలుఫ్యకి కుట్లు లాగేంత నవ్వొచ్చింది. ఇనోంగెకి తన కంచం వినబడదు కాబట్టి ఎందుకు నవ్వుతోందో తెలియక, బిక్కమొహం వేసుకుని కంచం పట్టుకుని కూర్చుంది.

మర్నాడు చిలుఫ్య ఒంటిచేత్తో వండిన గుమ్మడాకు కూరలో ఉప్పు తగ్గింది. కసోందె ముద్ద నోట్లో పెట్టుకుని, చప్పగా ఉందని అనబోయి, ఇద్దరి మొహాలూ ఒకసారి చూసి, మింగేశాడు.