వసుమతి ఓడిన రోజు

మైత్రీవనం ముందు కంప్యూటర్ కోర్సుల కరపత్రాలు పంచే కుర్రాళ్ళు వసుమతికి ఎప్పుడూ కాగితం ఇవ్వరు. జావా, ఒరాకిల్ నేర్చుకునే వయసు కాదని ఆవిడ నెరిసిన జుట్టే చెబుతుంది. ఆ రోజు కూడా నేతచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో కాస్త పైకి పట్టుకుని, గుంపులను తప్పించుకుంటూ, ఎడమ కాలు కొద్దిగా ఈడుస్తూ అమీర్‌పేట నుంచి పంజాగుట్టలోని కాలేజీకి నడిచింది.

డిగ్రీ పిల్లలకు తత్వశాస్త్రం చెప్పడం ఆవిడ ఉద్యోగం. తెనాలి నుంచి వచ్చి, అద్దె వాటాలో ఒంటరిగా ఉంటూ, ఇన్నేళ్ళలో ఒక పుస్తకం రాయలేదు, ఒక పదవి అడగలేదు. ఒకప్పుడు బెంచీలు నిండేవి. కంప్యూటర్ కోర్సుల ధాటికి ఒక్కొక్కరే జారుకుని చివరికి ఫైనలియర్‌లో సుకన్య ఒక్కతే మిగిలింది. ఇవాళ వసుమతి రిటైర్మెంట్. ఆవిడతోపాటు ఆ సబ్జెక్టు కూడా ముగిసిపోతుంది. ఆ గదిలో కంప్యూటర్ ల్యాబు పెడతారు.

గదిలో సుకన్య పక్కన ఒకాయన కూర్చుని ఉన్నాడు. గోళ్ళ సందుల్లో గ్రీజు.

"మా బాపు, మేడమ్," అంది సుకన్య తల దించుకుని.

స్కూటర్ మెకానిక్ హనుమాండ్లు లేచి నిలబడ్డాడు. "నమస్తే మేడమ్. ఎమ్మే సుత గిదే సదువుత అంటుంది. కంప్యూటర్ల చేర్పిద్దమని తోల్కపోనీకి వచ్చిన. గీ సదువుకు నౌకరి వస్తదా?"

"వస్తుందని మాటివ్వలేనండి."

సుకన్య మొహం పాలిపోయింది.

"ఈ ఒక్క పాఠం అయ్యేదాకా కూర్చోండి. ఆ తర్వాత మీ ఇష్టం," అంది వసుమతి.

రోజూ పాఠం మధ్యలో తాగే కాఫీ ఫ్లాస్కును బల్ల మీద పెట్టింది. ఆనాటి పాఠం బౌద్ధుల క్షణికవాదం. ప్రతిదీ క్షణక్షణం మారిపోతుంది, మారకుండా నిలిచే 'నేను' అంటూ ఏదీ లేదు. వసుమతి ఎవరి మతం చెప్పినా వాళ్ళ మనిషిలాగే వాదిస్తుంది.

"గట్లయితే నిన్న మీరు చెప్పింది ఇయ్యాల నాకెట్ల యాదికుంది?" అంది సుకన్య.

"దీపాన్ని చూడు. ఇందాకటి మంట ఇప్పుడు లేదు. ఒకదాని వెంట ఒకటి పుడుతుంటే అంతా ఒకటే దీపం అనుకుంటాం. నువ్వూ అంతే."

సుకన్య చాలాసేపు కిటికీలోంచి బయటకు చూసింది. వసుమతి తొందరపెట్టలేదు.

"మేడమ్, పాత మంట, కొత్త మంట ఒక్క తీరుగున్నయని చెప్పాల్నంటే రెండిట్నీ చూసినోళ్ళు ఉండాలె గద. చూసేటోడు సుత క్షణంల పోతే, ఎవరు చూసిన్రు?"

వసుమతి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. వందల ఏళ్ళ కిందట మహాపండితులు బౌద్ధులను నిలదీసిన ప్రశ్న అది. పాఠం ఇంకా అక్కడిదాకా రానే లేదు. ఈ పిల్ల ఎవరూ దారి చూపకుండా తనంతట తాను ఆ ప్రశ్న దగ్గరికి చేరింది!

ఆవిడ ఊరికే వదల్లేదు. ఒకవైపు నుంచి వచ్చింది, ఇంకోవైపు నుంచి వచ్చింది. సుకన్య లేచి నిలబడి ప్రతి దారీ మూసేసింది. ఇద్దరి గొంతులూ వరండాలోకి వినిపించాయి. శాలువా పట్టుకుని వస్తున్న ప్రిన్సిపాల్ అచ్యుతరావు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇక నా దగ్గర జవాబు లేదమ్మా," అని వసుమతి పకపకా నవ్వేసింది. ఆవిడ అలా నవ్వడం అచ్యుతరావు ఎన్నడూ చూడలేదు.

హనుమాండ్లు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "మేడమ్, మీరు ఓడిపోయిన్రా?"

"ఓడిపోయానండి, మీ అమ్మాయి చేతిలో. దీనికోసమే ఇన్నాళ్ళూ పాఠాలు చెప్పాను."

"నాకైతే సమజ్ కాలే. గని నా బిడ్డ జర సుత ఎన్కకు తగ్గలే," అన్నాడు. "సదువుకోనీ మేడమ్. నౌకరి సంగతి ఎనక చూస్కుందం. నాకు ఫికర్ లేదు."

సుకన్య ఆ గ్రీజు చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

అచ్యుతరావు శాలువా కప్పాడు. గేటు దగ్గర సుకన్య కాళ్ళకు దండం పెట్టబోతే వసుమతి ఆపింది. "ఏంటిది, పాఠం అయిపోయిందనుకున్నావా? ఇప్పుడు నువ్వు బౌద్ధుల పక్షం తీసుకో. నీ ప్రశ్నకి జవాబు వెతుకు."

అని, తల ఎత్తుకుని, శాలువా భుజానే ఉంచుకుని సాయంత్రపు జనంలో కలిసిపోయింది.

పైన గదిలోకి పనివాళ్ళు కంప్యూటర్ల పెట్టెలు మోసుకొస్తున్నారు. బల్ల మీద ఆవిడ మరిచిపోయిన స్టీలు ఫ్లాస్కు ఉంది. ఒకతను మూత తిప్పి చూశాడు. ఎవరూ ముట్టని కాఫీ లోంచి ఇంకా పొగలు వస్తున్నాయి.