చివర సార్ గొంతు లేని క్యాసెట్

సిద్దిపేట డిగ్రీ కాలేజీ పరీక్ష గదిలో ఓ మూల, చూపులేని యాదలక్ష్మి చెబుతుంటే ఇంటర్ చదివే కన్యక రాస్తోంది. చెప్పింది చెప్పినట్టే రాయాలి. తన నోటి నుంచి ఒక్క ముక్క జారినా యాదలక్ష్మిని డిబార్ చేస్తారు. ఈ ఏడు గట్టెక్కితే ఆమె టీచర్ ట్రైనింగుకు పోతుంది, లేకుంటే దుబ్బాకలో బాపు మగ్గం పక్కన కండెలు చుట్టాలి.

ఆమెది క్యాసెట్ల చదువు. కన్యక పాఠాలు చదివి రికార్డు చేసేది. చరిత్ర చెప్పే విశ్వేశ్వర్ సార్ వాటిని ఇంటికి పట్టుకుపోయి విని, తప్పులుంటే మళ్లీ చదివించేవాడు. అంతా సరిగా ఉంటే చివర "విన్నాను" అని తన గొంతు కలిపేవాడు. ఆఖరి రెండు క్యాసెట్లు మాత్రం ఆయన దాకా పోలేదు. "నేను ఇన్న సార్, మంచిగనే ఉన్నయ్" అని బొంకింది కన్యక. సినిమాకు పోయే తొందరలో తను అసలు విన్నదెప్పుడు?

"రాయి," అంది యాదలక్ష్మి. "అమెరికా ప్రజలు తేయాకు పెట్టెలను సముద్రంలో పారేశారు. ఆ తర్వాత పారిస్‌లో బాస్టిల్ కోటను కూల్చారు."

ఇదేంటి, అనుకుంది కన్యక. అమెరికా వాళ్లు పారిస్ ఎప్పుడు పోయారు? పుస్తకంలో పేజీలు అతుక్కుపోయి ఉంటాయి, తను చూసుకోకుండా రెండు పాఠాలను కలిపి చదివేసింది. కలం ఆగిపోయింది.

స్క్వాడ్ ఆయన వచ్చి వెనకే నిలబడ్డాడు. "ఏందమ్మా, ఆపినవ్?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. తల వంచుకుని ఆ తప్పునే పొల్లుపోకుండా రాసింది.

యాదలక్ష్మి మెల్లగా, "ఈ జవాబు మొత్తం కొట్టెయ్. ఆరో ప్రశ్న రాద్దాం," అంది.

గంట కొట్టాక బయట కన్యక బోరున ఏడ్చింది. "అక్కా, నేను ఇనకుండనే ఇన్న అని చెప్పిన సార్‌కు."

"నాకెర్కే. చివర్ల సార్ గొంతు లేకపాయె. గప్పటి సంది గుబులే. ఇయ్యాల నీ కలం ఆగంగనే సమజైంది."

"మరి ముందే అడగకపోతివి?"

"అడిగితే నువ్వు అలిగి పోతే, నాకు చదివేటోళ్లెవరు?"

కన్యక ఏడుపు ఆగిపోయింది. స్క్వాడ్‌కు తను వణికింది ఒక్క పూటే. యాదలక్ష్మి తనకు ఎన్నాళ్ల నుంచి భయపడుతోందో.

లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "పా అక్కా, సార్ తానికి పోదాం. రేపటి పరీక్ష క్యాసెట్ గూడ ఆయన ఇనలే."