చెత్త అని రాసేశాక

నేను ఒక నైలాన్ వలని. నన్ను నేసింది యంత్రం, నడిపించింది ఎల్లాజీ చేతులు. కొత్తలో అతని భార్య కాసులమ్మ నాకు పసుపు రాసి, గంగమ్మకి దండం పెట్టాకే పడవ ఎక్కించింది. నాలుగేళ్ళు వాళ్ళ పొయ్యి నా వల్లే వెలిగింది.

ఎండాకాలం రెండు నెలలు చేపలు గుడ్లు పెడతాయని సర్కారు వేట ఆపుతుంది. అప్పుడు వలలన్నీ ఒడ్డున కుప్పలుగా ఉంటాయి. తెగిన వల కళ్ళు అల్లుకుంటారు.

సరిగ్గా ఆ బందులోనే సర్కారుకి సముద్రం మీద దయ పుట్టింది. చిరిగిన వలలు అరిగి, కంటికి ఆనని ప్లాస్టిక్ నలుసులై చేపల కడుపులో చేరుతున్నాయట. వాటిని ఏరెయ్యమని ఆర్డరు. మంచి ఆర్డరే. నీళ్ళలో తిరిగినదాన్ని, కాదనను.

ఆఫీసరు వచ్చి చిరిగిన వలలు అడిగాడు.

"చిరిగినియ్యి కోళ్ళగూటికి కట్టేసినాం బాబూ," అంది కాసులమ్మ.

మర్నాడు పైనుంచి పెద్దాయన వస్తున్నాడు. కుప్ప లేకపోతే ఫొటో లేదు. నీళ్ళలో లేని వల ఆఫీసరు కంటికి పాత వలే. మిగతావాళ్ళు తమ వలలు భుజానేసుకుని పరిగెత్తారు. ఎల్లాజీ డీజిలుకి పోయి ఉన్నాడు. ఆఫీసరు నన్ను జీపులోకి లాగిస్తుంటే కాసులమ్మ వెంటపడింది.

"ఓలమ్మో, అది మా వేట వల బాబూ! పదైదో తారీకుకి బందు ఇప్పేత్తారు!"

"ఫొటో అయిపోగానే ఇచ్చేస్తాం తల్లీ."

పెద్దాయన రిబ్బను బదులు నన్నే కత్తిరించాడు. తునకలు గాలికి లేచి సముద్రంలో పడ్డాయి. మరీ చిన్నవి కదా, ఎవరికీ కనపడలేదు. చప్పట్లు కొట్టారు.

తర్వాత నన్ను ఆఫీసు వెనక గదిలో పడేశారు. ఎల్లాజీ వెళ్ళి అడిగితే గుమస్తా జాలిపడ్డాడు కూడా.

"చెత్త అని రాసేశామయ్యా. మళ్ళీ వల అని రాయడానికి ఈ రిజిస్టరులో గడి లేదు."

పద్నాలుగో తారీఖు పొద్దున ఎల్లాజీ సూదీ దారం పట్టుకుని కిటికీ దగ్గరికొచ్చాడు. చువ్వల్లోంచి చెయ్యి దూర్చి, అందినంత మేర నన్ను అల్లసాగాడు. పది కళ్ళు కుదిరాయి. ఇంతలో కాపలా దాలినాయుడు వచ్చాడు.

"ఏటి సేస్తన్నావురా?"

"నా వల నాను బాగుసేసుకుంతన్నాను మావా."

"బాగయిపోతే అది సెత్త కాదురా. రేపు సెత్తేదని అడిగితే నానేటి సూపించను?"

ఎల్లాజీ ముడి వేసి, దారం పంటితో కొరికి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మర్నాడు తెల్లారగానే రేవులో ఇంజన్లు మోగాయి. మా రేవు పడవలు ఇరవై మూడు.

ఇరవై రెండు వినపడ్డాయి.