నలభై రెండో ఆకు

ఆంబ్రోస్ ట్రాంటర్ రీలును యంత్రానికి ఎక్కించి పిడి తిప్పాడు. ఆరొందల ఏళ్ళ కిందట సన్యాసులు రాసిన ఇంగ్లీషు ప్రార్థనల ప్రతి తెర మీద పుట తర్వాత పుటగా వెలిగింది. అరవై మూడేళ్ళ మనిషి. వంగిన వీపు, చేతులకు తెల్లటి నూలు తొడుగులు, మీసం మీద బిస్కెట్టు పొడి. పాత ప్రతులున్న ఇళ్ళకు వెళ్ళి ఫొటోలు తీయడం, ఆ ఫిల్ములను విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో కాపాడటం ముప్ఫై ఐదేళ్ళుగా అతని పని. రీళ్ళన్నీ ఇవాళ నేలమాళిగకు పోతున్నాయి. వాటిని వారం నుంచీ ఆకు ఆకూ సరిచూస్తున్నాడు.

"ఏమయ్యా ఆంబ్రోస్, నీ సన్యాసులు నిద్ర లేచారా?" అంటూ పెట్టెలు మోసే నోరిస్ టీ తెచ్చి పెట్టాడు. ఆ మొదటి గుక్క ఆంబ్రోస్‌కు రోజూ పండగే. ఇవాళ తాగడం మరిచిపోయాడు.

తెర మీద నలభై ఒకటో ఆకు తర్వాత నలభై మూడు వచ్చింది. ఫొటోలో ఎడమ పుటను అదిమిన బొటనవేలు తనదే. దాని కింద రెండు ఆకుల అంచులు. పడుచుతనంలో, చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో, రెండాకులు కలిపి తిప్పేశాడు. పుస్తకమున్న భవంతి మరుసటి ఏడే తగలబడింది. మిగిలింది ఈ ఫిల్మే.

ఆ ఆకును ఎవరో కోసేశారని నమ్మి, ఆ దొంగ ఎవరో తేల్చడానికి అదే విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే డాక్టర్ హెస్టర్ కీబుల్ పన్నెండేళ్ళు వెచ్చించి పుస్తకం రాసింది. అతను రమ్మని కబురు పెడితే పదకొండింటికి వచ్చింది. ఆంబ్రోస్ తెర చూపించి, తప్పు తనదేనన్నాడు. ఆమె చాలాసేపు ఆ బొటనవేలినే చూసింది.

"ఇంకెవరికైనా చెప్పారా?"

"లేదమ్మా. ఈ రీలు పెట్టెలో చీటీ పెడదామని..."

"వద్దు ఆంబ్రోస్ గారూ. నాకింకా రెండేళ్ళ ఉద్యోగం ఉంది. అయినా ఆ కిందికి దిగి ఎవరు చూస్తారు చెప్పండి?"

అతను రీలును చుట్టి దాని పెట్టెలో పెట్టాడు. ఆమె గొంతులో కోపం ఉన్నా బాగుండేదనిపించింది.

మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి చీజు పెట్టిన రొట్టె తిన్నాడు. వాన వెలిసి కాస్త ఎండ వచ్చింది. మెడ మీద ఆ వెచ్చదనం హాయిగా ఉంది. తర్వాత కూర్చుని, ఏ ఆకు దగ్గర ఏం జరిగిందో ఓ చీటీ మీద రాసి, కింద సంతకం చేసి, పెట్టె మూత లోపల అతికించాడు. మూత పెట్టి, కుర్చీలో వెనక్కి వాలాడు.

కాసేపటికి బండి తోసుకొచ్చిన నోరిస్, నిద్రపోతున్నాడనుకుని భుజం తట్టాడు. మళ్ళీ తట్టాడు.

ఆంబ్రోస్ దేహాన్ని మోసుకెళ్ళాక, ఏం చేయాలో తోచక నోరిస్ పెట్టెలు బండికెత్తి కిందికి దించాడు. అక్కడ దీపం ఆర్పి తాళం వేశాడు. చిట్టచివరి అరలో, గోడవైపుకు, ఆ పెట్టె. మూత లోపల చీటీ అంచున జిగురు ఇంకా ఆరలేదు.