పిలవని పేరంటాలు

షిఫ్టులో దిగగానే పెద్దక్క చేసే మొదటి పని చక్రాల కుర్చీలు తుడవడం. పిడులు, బ్రేకులు, కాళ్లు పెట్టుకునే రేకులు తుడిచి గోడవారగా వరసలో పెట్టేది. నడవలేనివాళ్లనీ, చూపులేనివాళ్లనీ విమానం తలుపు దాకా చేర్చడం ఆవిడ ఉద్యోగం. ఎవరిని కూర్చోబెట్టినా, "కాళ్లు లోపలికి పెట్టుకోండి, బయల్దేరదాం" అనేది. విమానాశ్రయంలో పైలట్ల దగ్గర్నుంచి నేల తుడిచేవాళ్ల దాకా అందరికీ ఆవిడ పెద్దక్కే. ఇంటికెళితే మాత్రం ఏమని పిలవడానికీ ఎవరూ లేరు.

ఆ కుర్చీల్లో ఒకటి బాగా పాతది. ఎడమ చక్రం కీచుమంటుంది. సాయం అడగడానికి మొహమాటపడే మనిషి ఎక్కడున్నా, అది తనంతట తాను దొర్లుకుంటూ పోయి ఎదురుగా నిలబడుతుంది. పిలవకుండానే వస్తుంది కనుక దానికి పేరంటాలు అని పేరు పెట్టారు. అది వస్తుంటే తుడిచేవాళ్లు బకెట్టు పక్కకి లాగి, "తడి మీద తొక్కకే తల్లీ" అని కసిరేవాళ్లు. అంతకుమించి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

కొన్నాళ్లుగా పేరంటాలు పెద్దక్క వెంటపడింది.

ఆవిడ కుడి మోకాలు మొరాయిస్తోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కుర్చీ తోయలేనివాళ్లని సూపర్‌వైజరు ఇంటికి పంపేస్తాడని తెలుసు. ఇంట్లో ఏముంది? ఒక మంచం, ఒక కంచం, మనిషి గొంతు వినబడుతుంది కదా అని ఆపకుండా వదిలేసే రేడియో. ఇక్కడైతే రోజూ ఎవరో ఒకరు చెయ్యి పట్టుకుంటారు. ఆ చేతులు లేకపోతే తను బతకలేదు. అందుకే కీచుమని వినబడగానే స్తంభం చాటుకో, లిఫ్టులోకో తప్పుకునేది.

ఆ రోజు ఆవిడ మోచెయ్యి పట్టుకుని నడుస్తున్నది పియానోలకి శ్రుతి చేసే ఆయన. చూపు లేదు. పొడుగాటి నడవాలో సగం దూరం వచ్చాక ఆయన అన్నాడు:

"మన వెనకాల ఏదో కీచుమంటూ వస్తోందమ్మా."

"పాత కుర్చీలెండి. అడగనివాళ్ల కోసం తిరుగుతుంటుంది. మీకోసమేమో."

"నేను అడిగే వచ్చాను కదా. టికెట్టు కొన్నప్పుడే చెప్పాను."

పెద్దక్క నడక వేగం పెంచింది. ఇంకో నాలుగడుగులు వేసేసరికి మోకాలు పూర్తిగా మడతపడింది. గోడ పట్టుకుని ఆగిపోయింది. పేరంటాలు వచ్చి ముందు నిలబడింది.

"విమానం తలుపు వేసేస్తారు," అన్నాడాయన. "మీరు కూర్చోండి. నేను తోస్తాను, దారి మీరు చెప్పండి."

"ఎవరైనా చూస్తే నా ఉద్యోగం పోతుందండీ."

"నాకు ఈ విమానం పోతుంది. కూర్చోండమ్మా."

ఆవిడ కూర్చుంది. ఇన్నేళ్లు తోసింది గానీ, కూర్చుంటే ఎలా ఉంటుందో ఎప్పుడూ చూసుకోలేదు. ఎదురొచ్చేవాళ్లు తన తల మీదుగా ఎటో చూస్తూ వెళ్లిపోతున్నారు. సిగ్గుతో తల వాలిపోయింది. అయినా నోరు ఊరుకోలేదు. "కుడికి, ఇంకొంచెం కుడికి. మెల్లగా, అక్కడ తడిగా ఉంది" అంటూ గేటు దాకా తీసుకెళ్లింది. ఆయన తడుముకుని ఆవిడ భుజం మీద ఒకసారి చెయ్యి వేసి, లోపలివాళ్ల చెయ్యి పట్టుకుని వెళ్లిపోయాడు. తలుపు పడింది.

గేటు దగ్గర ఎవరూ లేరు. లేవబోతే కాలు నిలవలేదు. పేరంటాలు కూడా కదల్లేదు. మనిషి దగ్గరికి రావడం వరకే దాని వంతు.

నడుముకున్న వాకీటాకీని పెద్దక్క చాలాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంది. చివరికి మీట నొక్కింది.

"చివరి గేటు దగ్గర ఒకరికి సాయం కావాలి."

"ఎవరికి?" సూపర్‌వైజరు గొంతు.

"నాకే."

"అక్కడే ఉండు, వస్తున్నా."

సూపర్‌వైజరు తనే వచ్చాడు, రొప్పుతూ. ఆవిడ మోకాలినీ, కుర్చీనీ మార్చి మార్చి చూశాడు.

"ఎన్నాళ్లయింది?"

"చాన్నాళ్లే అయింది. మరి నా ఉద్యోగం?"

"సాయం కావాలని వచ్చే ఫోన్లెత్తడానికి మనిషి లేక నా ప్రాణం పోతోంది. కూర్చుని చేసే పనే. నోటితో దారి చెప్పగలిగితే చాలు."

పెద్దక్కకి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఆయన వెనక్కి వెళ్లి బ్రేకు తీశాడు.

"కాళ్లు లోపలికి పెట్టుకో పెద్దక్కా," అన్నాడు. "బయల్దేరదాం."