పేరు పెట్టి చెప్పండి

మధ్యాహ్నం మూడింటికి ఓపీ మూసేశాక మగ్దలీనమ్మ కాన్పు గదిలో బల్ల ఎక్కి పడుకుని కళ్లు మూసుకునేది. పాఠంలో రోగి తనే. చిట్టమూరు దాటి సముద్రం వైపు ఉన్న ఆ పన్నెండు మంచాల ఆసుపత్రికి 1963 జూన్‌లో ఒక కొత్త డాక్టరు, ఇద్దరు కొత్త నర్సులు వచ్చారు. వాళ్లకు పని నేర్పడం హెడ్‌నర్సుగా ఆమె వంతు.

"కాన్పయింది. రక్తం ఆగడం లేదు. కానీండి," అంది మొదటిరోజు.

"అమ్మా, ఇంజక్షన్ ఇవ్వండి," అన్నాడు డాక్టర్ పద్మనాభయ్య.

నర్సులు కరుణాకుమారి, పెంచలమ్మ ట్రే వైపు చెరో అడుగు వేశారు. ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు.

"నేను చచ్చిపోయినాను," అంది మగ్దలీనమ్మ, కళ్లు తెరవకుండానే.

కరుణాకుమారికి నవ్వు ఆగలేదు.

"నవ్వతావేందిమే? ఆయన ఎవురికి చెప్పినాడు?"

"మా ఇద్దరికీ అక్కా."

"సరే. ఇద్దర్లో ఎవురిచ్చినారు?"

పద్మనాభయ్య తప్పు తన మీద వేసుకున్నాడు. "ఆడవాళ్లను పేరు పెట్టి పిలవడం మా ఇంట్లో లేదమ్మా. పాలు పోసే ఆమెను కూడా అమ్మా అనే అంటాం."

"ఆ మర్యాద గడప బయట పెట్టి రండి డాక్టరుగారూ. ఇక్కడ పేరు పెట్టి చెప్పండి. చెప్పించుకున్న నర్సు 'నేను ఇస్తుండా' అనాల. ఇచ్చినాక 'ఇచ్చినా' అనాల. ఆ మాట మీ చెవిన పడిందాకా ఇంకో పనికి పోబాకండి."

జూలై నెలంతా ఆమె రోజూ చనిపోతూనే ఉంది. ఆగస్టుకు పద్మనాభయ్య నర్సులిద్దరినీ పేర్లతో పిలవగలిగాడు. తల్లి వయసున్న మగ్దలీనమ్మను పిలవడానికి మాత్రం అతనికి నోరు రాలేదు.

ఆ బల్ల మీదే నాలుగేళ్ల కిందట ఆమె చెల్లెలు ఎలిశబెతు పోయిందని వాళ్లకు తెలియదు. అప్పటి డాక్టరు మంచివాడు. ఏ నర్సునూ అమ్మా అని తప్ప పిలిచేవాడు కాదు. "అమ్మా, ఇంజక్షన్ ఇచ్చేయండి," అన్నాడు. రెండో నర్సు పేరమ్మ ఇస్తుందని చెల్లెలి కడుపు నొక్కుతున్న మగ్దలీనమ్మ అనుకుంది. అక్క ఇస్తుందని బిడ్డను తుడుస్తున్న పేరమ్మ అనుకుంది. ఇద్దరిలో ఎవరో ఇచ్చారని డాక్టరు అనుకున్నాడు. డాక్టరును తిరిగి అడగడం అక్కడ అలవాటు లేదు. అంతా అయ్యాక ట్రే కడగబోతే ఇంజక్షన్ మందు ఉన్న గాజు బుడ్డి మెడ విరవకుండా అలాగే ఉంది. బిడ్డను తండ్రి తరఫువాళ్లు కావలి తీసుకుపోయారు. పేరమ్మ బదిలీ పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆగస్టులో ఒక సోమవారం పొద్దున చెంగయ్య అనే జాలరి తన భార్య కామమ్మను పులికాట్ సరస్సు మీద పడవలో దాటించి, అక్కడి నుంచి ఎడ్లబండిలో తెచ్చాడు. తెల్లవారుజామున ఇంట్లోనే కాన్పయింది. రక్తం ఆగలేదు. బండిలో పరిచిన చాప తడిసిపోయి ఉంది.

"అమ్మా..." అని పద్మనాభయ్య ఆగాడు. "కరుణా, ఇంజక్షన్."

"నేను ఇస్తుండా."

"పెంచలమ్మా, సెలైన్."

"నేను పెడతుండా."

"మగ్దలీనమ్మా, కడుపు నొక్కండి."

"నేను నొక్కతుండా," అంది ఆమె.

"ఇచ్చినా," అంది కరుణాకుమారి.

మగ్దలీనమ్మ గోడ గడియారం వైపు చూసింది. కొంతసేపటికి ఆమె అరచేతి కింద గర్భసంచి గట్టిపడింది. రక్తం తగ్గింది, ఆగింది. వరండాలో నిలబడ్డ చెంగయ్యతో పెంచలమ్మ, "బతికిందన్నా, లోపలికి రా," అంది.

"ఇవాళ మీరు చచ్చిపోలేదు," అన్నాడు పద్మనాభయ్య నవ్వుతూ.

మగ్దలీనమ్మ ట్రేలోంచి మెడ విరిచిన బుడ్డి తీసి చూస్తోంది. "నిమిషం కూడా పట్టలా," అంది.

"దేనికక్కా?" అంది కరుణాకుమారి.

"ఇంజక్షన్‌కి. మా చెల్లెలు ఈ బల్ల మీదే పోయింది. ఇంజక్షన్ ఇయ్యడం తెలిసినోళ్లం ఇద్దరం ఉన్నాం. నేనొకదాన్ని."

ట్రే కడగడానికి పోయింది.

మూడింటికి అలవాటు ప్రకారం నలుగురూ చేరారు. కామమ్మను వార్డుకు మార్చి, బల్ల కడిగి ఉంచారు. మగ్దలీనమ్మ బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఎక్కలేదు. కరుణాకుమారి చెప్పులు విడిచి, తనే ఎక్కి పడుకుని కళ్లు మూసుకుంది.

పద్మనాభయ్య ఆమె వైపు తిరిగి, "మగ్దలీనమ్మా, ఇంజక్షన్," అన్నాడు.

ఆమె బుడ్డి అందుకుంది.

"నేను ఇస్తుండా," అంది. మెడ విరిచింది. సూదిలోకి మందు లాగింది. కరుణాకుమారి చేయి దగ్గరికి తెచ్చి ఆపింది.

'ఇచ్చినా' అనే మాట కోసం ముగ్గురూ ఎదురుచూశారు. నాలుగేళ్ల కిందట అనాల్సిన ఆ మాట మగ్దలీనమ్మకు వెంటనే నోటికి రాలేదు. అది వినపడేదాకా కరుణాకుమారి కళ్లు తెరవలేదు. చాలాసేపు తెరవలేదు.