చెరిగిపోయే సందు

గీతలక్క ఆ సందును మొదటిసారి గీసింది ఒక సోమవారం ఉదయం. మంగళవారం వచ్చి చూస్తే అది లేదు.

ఆమె అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినిపించదు. పదిహేడేళ్లు మునిసిపల్ ఆఫీసు తపాలా సెక్షన్‌లో కవర్ల మీద నంబర్లు వేసి, రెండు నెలల కిందటే మ్యాపుల గదికి మారింది. అక్కడ పని చెప్పుకోవడానికి తేలికే. పైనుంచి తీసిన ఊరి ఫోటో కంప్యూటర్ తెర మీద పరుచుకుని ఉంటుంది. ఇంటి కప్పు మూలమూలనా క్లిక్ చేస్తే ఇల్లు తయారవుతుంది. వీధి వెంబడి క్లిక్ చేసుకుంటూ పోయి, చివర రెండుసార్లు నొక్కితే వీధి. ఫోటోలో తెలియనివి ఉంటే, ఊళ్లో నడిచి చూసి వచ్చిన సర్వేయరు కాగితం చూసి గీయాలి. రోజంతా వంచిన తల ఎత్తకుండా గీస్తుంది కాబట్టి ఆ పేరు పడింది.

ఆ సందు కూడా సర్వేయరు కాగితంలోదే. కుట్టుమిషన్ల దుకాణం పక్కనుంచి వెనక వీధిలోని ఆసుపత్రి దాకా పెన్సిల్‌తో సన్నగా గీసి ఉంది.

'సేవ్ చేయడం మర్చిపోయి ఉంటాను' అనుకుని మంగళవారం మళ్లీ గీసింది. ఈసారి సేవ్ బటన్‌ను ఒకటికి రెండుసార్లు నొక్కింది. బుధవారం ఉదయం మళ్లీ లేదు. చుట్టూ తను గీసిన ఇళ్లన్నీ భద్రంగా ఉన్నాయి. సందు ఒక్కటే మాయమైంది. ఇంకోటి కూడా తోచింది. కుర్చీ కిందికి దిగినట్టుంది, టేబులు ఎత్తైనట్టు అనిపిస్తోంది. నిన్న కూడా ఇలాగే ఉందా? గుర్తుకు రాలేదు.

ఎవరినైనా అడుగుదామంటే నోరు రాలేదు. ఈ వయసులో కంప్యూటర్ పని నేర్పించమని హెడ్ మేడమ్‌ను తనే బతిమాలింది. సేవ్ చేయడం కూడా రాదా అంటారేమో. అయినా ఆమెను లోలోపల తొలుస్తున్న భయం అది కాదు. వాళ్లమ్మకు కూడా మొదలైంది ఇలాగే, ఈ వయసులోనే. చేసిన పని చేయలేదనుకోవడం, చేయనిది చేశాననుకోవడం. చివరి రెండేళ్లు కన్నకూతుర్ని పట్టుకుని "అక్కా, మీ ఇల్లెక్కడ?" అని అడిగేది.

బుధవారం సందు గీసి, సెల్‌ఫోన్‌తో తెరను ఫోటో తీసుకుంది. గురువారం ఉదయం ఫోనూ తెరా పక్కపక్కన పెట్టి చూసింది. ఫోన్‌లో సందు ఉంది. తెర మీద లేదు. అంటే గీసిన మాట నిజం. హమ్మయ్య అనుకుంది గానీ, అది ఎంతోసేపు నిలవలేదు. ఎవరు ఏం మార్చారో చూపించే పట్టిక ఒకటి ఉంటుందని శిక్షణలో చెప్పింది గుర్తొచ్చి, వెతికి తెరిచింది. అందులో ఆరు వరుసలు కనబడ్డాయి.

'సందు చేర్చినది: మూడో టేబులు. తొలగించినది: మూడో టేబులు. చేర్చినది: మూడో టేబులు. తొలగించినది: మూడో టేబులు. చేర్చినది: మూడో టేబులు. తొలగించినది: మూడో టేబులు.'

మూడో టేబులు ఆమెదే.

గీస్తున్నదీ తనే, చెరిపేస్తున్నదీ తనేనా? గీసింది గుర్తుండి చెరిపింది గుర్తులేకపోవడం ఏమిటి? ఆ రోజు సందు గీయాలా వద్దా అని గంటసేపు తన్నుకులాడి, చివరికి గీసింది. రెండింటికి డ్యూటీ దిగి బస్సెక్కి, ఇంటి గుమ్మం ముందు సంచీలో చెయ్యి పెడితే తాళంచెవి లేదు. ఆఫీసు సొరుగులో వదిలేసింది. 'అయిపోయింది, ఇక నా పని అయిపోయింది' అనుకుంటూ మళ్లీ బస్సెక్కింది.

నాలుగింటికి మ్యాపుల గది తలుపు తీస్తే, ఆమె కుర్చీలో ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. నెరిసిన జుట్టు, పొట్టి మనిషి. తెరకు ముఖం ఆనించి, దానితో మాట్లాడుతున్నాడు.

"మళ్లీ వచ్చావా తల్లీ? నిన్ననే కదా నిన్ను తీసేశాను. నా ప్రాణం తియ్యడానికి కాకపోతే రోజూ ఎందుకొస్తావు?"

అని డిలీట్ నొక్కాడు. సందు పోయింది.

"ఏమండీ!" అని గీతలక్క కేక పెట్టింది.

ఆయన ఉలిక్కిపడి లేచాడు. కళ్లజోడు ముక్కు మీదికి జారింది. "ఎవరమ్మా మీరు?"

"నేనెవరేంటి? అది నా కుర్చీ. అది నా సందు!"

"మీరు గీస్తున్నారా దాన్ని?" అన్నాడు ఆయన, దొంగను పట్టుకున్నవాడిలా కాదు, దొరికిపోయిన దొంగలానూ కాదు. నీళ్లలోంచి పైకి తేలినవాడిలా. "అయితే నాకు పిచ్చెక్కలేదన్నమాట!"

ఆయన్ని ఆఫీసులో రబ్బరు మాస్టారంటారు. చేత్తో మ్యాపులు గీసే కాలం నుంచీ తప్పులు చెరిపే పనే. పాత భవనంలో ఉండే ఆయన్ని, పని వెనకబడిందని ఆ సోమవారం నుంచే ఇక్కడ సాయంకాలం తనిఖీకి వేశారు. ఆయనకు వేరే కంప్యూటర్ రాలేదు. మూడో టేబులు ఎలాగూ రెండింటికి ఖాళీ అవుతుందని అక్కడే కూర్చోమన్నారు. ఆ సంగతి ఉదయం వాళ్లకు చెప్పాలని ఎవరికీ తోచలేదు.

"మా ఆవిడ కళ్లు చూపించుకోమని ఒకటే పోరు," అన్నాడు ఆయన. "లేనిది కనిపిస్తోందంటే కళ్ల తప్పేనంది. చూడండి, కొత్త అద్దాలు వేయించాను. వీటితో ఇంకా స్పష్టంగా కనిపించింది!"

గీతలక్కకు నవ్వొచ్చింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్లలో నీళ్లు తిరిగాయి. అటు తిరిగి సొరుగులో తాళంచెవి వెతుక్కుంది.

"సరే గానీ, అసలక్కడ సందు లేదమ్మా," అన్నాడు రబ్బరు మాస్టారు. "ఫోటో చూడండి. ఈ కప్పుకీ ఆ కప్పుకీ మధ్య వేలు దూరే సందైనా ఉందా?"

"నడిచి చూసిన మనిషి రాసిచ్చాడండీ."

"నడిచినవాడు పొరబడొచ్చు."

"పైనుంచి చూసిన ఫోటో పొరబడదా?"

హెడ్ మేడమ్‌కు ఎవరి వాదన వాళ్లు చెప్పి, మర్నాడు ఉదయం ఇద్దరూ కలిసి చూడ్డానికి వెళ్లారు. కుట్టుమిషన్ల దుకాణం ముందు నుంచి రెండుసార్లు అటూ ఇటూ తిరిగినా సందు జాడ లేదు. దుకాణం పక్కన ఒక అరుగు, అరుగు మీదుగా రేకుల కప్పు, దాని కింద కాళ్లు బారజాపుకుని బట్టలు మడతపెడుతున్న ఒక ఆవిడ.

"ఇక్కడ దారేమైనా ఉందామ్మా?" అని అడిగింది గీతలక్క.

"దారా? దారేం లేదు. ఇది మా వసారా."

రబ్బరు మాస్టారు గీతలక్క వైపు చూసి, మర్యాద కోసం నవ్వు ఆపుకున్నాడు. అంతలోనే భుజం మీద గ్యాస్ సిలిండర్‌తో ఒకతను గబగబా వచ్చాడు.

"పిన్నీ, కాస్త కాళ్లు!"

ఆవిడ కాళ్లు ముడుచుకుంది. అతను ఆమెను దాటి, రేకుల కిందనుంచి లోపలి చీకట్లోకి వెళ్లిపోయాడు. ఆవిడ మళ్లీ కాళ్లు చాపుకుంది.

"అతనెటు వెళ్లాడు?" అన్నాడు రబ్బరు మాస్టారు.

"వెనక వీధికి."

"మరి దారే కదమ్మా!"

"దారెందుకవుతుంది? తెలిసినవాళ్లు వెళ్తారు. తెలియనివాళ్లు రారు. అంతే."

ఆమె అనుమతి అడిగి వాళ్లూ నడిచి చూశారు. గోడకు చేరేసిన సైకిలు, నీళ్ల బిందెలు, ఒకచోట తల వంచాల్సిన దూలం. అవతలి వెలుగులోకి వస్తే ఎదురుగా ఆసుపత్రి గేటు. ఆయన ముప్పై ఒక్క అడుగులు లెక్కపెట్టాడు. గీతలక్క లెక్కకు ఇరవై తొమ్మిదే వచ్చాయి. తిరిగి వచ్చాక సంగతి తెలుసుకుని ఆవిడ బట్టలు పక్కన పెట్టింది.

"మ్యాపులో వేస్తారా? వద్దు తల్లీ, నీకు పుణ్యముంటుంది. ఫోన్లు చూసుకుంటూ బండ్లేసుకుని వస్తారు, నా కాళ్ల మీంచే పోతారు. కానీ… పోయినేడు మావారికి గుండెనొప్పి వస్తే అంబులెన్సు వాళ్లు ఆ మూలంతా చుట్టి వచ్చారు. ఇటు దారుందని వాళ్లకి తెలియలేదు. స్ట్రెచర్ అయితే ఇటునుంచి పోగలదు."

"అయితే వెయ్యమంటారా, వద్దంటారా?"

"ఏమో! చదువుకున్నవాళ్లు మీరే చెప్పాలి."

ఆఫీసుకు వచ్చాక హెడ్ మేడమ్ తల ఎత్తకుండానే అడిగింది. "ఉందా, లేదా? ఒక్క మాట చెప్పండి."

"ఉందండీ," అన్నాడు రబ్బరు మాస్టారు.

"లేదండీ," అంది గీతలక్క.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆమె కళ్లముందు ఇంకా ఆ ముడుచుకున్న కాళ్లే ఉన్నాయి. ఆయన చెవుల్లో ఆ స్ట్రెచర్ మాట. మేడమ్ పెన్ను కింద పెట్టేసింది.

"నిన్నటిదాకా మీరిద్దరూ తిరగేసి చెప్పారు కదా?"

గంటసేపు తర్జనభర్జన పడ్డాక సందును నడకదారిగా గీశారు. రెండు కొసలూ వీధులకు అంటుకోకుండా పిసరంత ఎడం వదిలారు. అలా వదిలితే దారి కలవలేదనుకుని ఫోన్లు ఎవరినీ అటు పంపవు. అంబులెన్సు వాళ్లు తెరిచే మ్యాపులో మాత్రం గీత కనబడుతుంది. నిజానికి అలాంటి ఎడాన్ని తప్పుగా లెక్కగట్టి సరిచేయడమే రబ్బరు మాస్టారి పని. దాన్ని అలాగే ఉంచి, పక్కన 'తనిఖీ అయింది' అని తనే రాశాడు. రాసింది సరైనదేనా అని సాయంత్రం దాకా ఆలోచించాడు.

ఆ రాత్రి భోజనాల దగ్గర గీతలక్క జరిగిందంతా భర్తకు చెప్పింది. ఆయన బస్సు డ్రైవరు, పెద్దగా మాట్లాడే మనిషి కాదు. ముద్ద చేతిలో అలాగే ఉండిపోయింది.

"అయితే నీకేం కాలేదా?"

"ఏమవుతుందనుకున్నారు?"

"నాలుగు రోజుల నుంచి నీలో నువ్వు ఏదో గొణుక్కుంటున్నావు. ఫోన్‌లో ఏదో ఫోటోనే పదే పదే చూస్తున్నావు. మీ అమ్మగారు గుర్తొచ్చి… శనివారానికి డాక్టరు దగ్గర టైము తీసుకున్నాను. నీకెలా చెప్పాలో తెలియలేదు."

ఇన్నాళ్లూ తను ఒక్కతే భయపడుతోందనుకుంది. కోపం రావాలో, ఏడుపు రావాలో ఆమెకు అర్థం కాలేదు.

"మానేద్దామా?" అన్నాడు.

"ఎందుకు మానెయ్యడం?" అంది గీతలక్క, ఆయన పళ్లెంలో ఇంకాస్త అన్నం వడ్డిస్తూ. "వెళ్దాం. తాళంచెవి మర్చిపోయింది మాత్రం నేనే కదా."